ఉన్నరా అని మూడుసార్లు

ఆమె మొఖం నేను ఎన్నడు చూడలే. గొంతు మాత్రం నూరుమందిల ఉన్నా గుర్తుపడత.

మొన్న మా తమ్ముని మనుమరాలి పెండ్లికి ఆదిలాబాద్ పోయిన. బస్టాండుల దిగి, రెండు కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద ఆటో ఎందుకు దండుగ అని నడుసుకుంట పోతున్న. రోడ్డు పొంటి పత్తి బండ్లు వరుసవెట్టి నిలబడ్డయ్. గంతల జిన్నింగు మిల్లు సైరన్ మోగింది. నా కాళ్లు ఆడనే ఆగినయ్. ఎండ కొడుతున్నది, చుట్టు మనుషులున్నరు, అయినా చేతుల మీద వెంట్రుకలు లేసి నిలబడ్డయ్. ఎందుకంటె గా సైరన్ నేను అంతకుముందు ఆదిలాబాద్‌ల వినలే. సుల్తానాబాద్‌ల, మా వంటింటి ముంగటి అర్రల, ఫోన్ల విన్న. ఆమె మాట్లాడుతుంటె ఎనుకకెల్లి అది మోగేది.

గందుకే ఇది రాస్తున్న. నేను మూడో తరగతి దాక సదివిన. మనుమరాలి పాత నోటుబుక్కులల్ల మిగిలిన కాయిదాలున్నయ్, ఆటి మీదనే రాస్తున్న. ఒకసారి ఫోన్ల ఆమె పిల్లలకు పాఠం చెప్తుంటె నేను పక్కన కూసొని విన్న. మనిషి గురించి రాస్తె పుట్టిన ఊరు, సదివిన సదువు, చేసిన కొలువు రాయొద్దన్నది. చెయ్యి ఎట్ల తిప్పుతడు, ఏ మాట ఊకె అంటడు, అది రాస్తె మనిషే వచ్చి ముంగట కూసుంటడు అన్నది. ఆమె ఊరు సదువు నాకు ఎట్లయినా ఎరుకలే. చెవిల పడ్డదే రాస్త.

ఆమె ఇంగ్లీషు పంతులమ్మ. ఫోన్ల చెప్పేది. మా మనుమరాలు శిరీష తొమ్మిదో తరగతికి వచ్చినంక ఆ క్లాసు పెట్టిచ్చినం. శిరీషకు చిన్నప్పటికెల్లి నత్తి. ఏడో తరగతిల ఉన్నప్పుడు బడిల లేపి పాఠం సదువుమన్నరట. ఒక్క మాట కాడనే పట్టుకొని ఇడువకపాయె. పిల్లలంత నవ్విన్రు. ఆ దినం కెల్లి నోరు మూసుకున్నది. ఔ అంటె తల, కాదంటె తల. వాళ్ల బడి సారు మా కొడుకును పిలిచి, పిల్ల రాత ముత్యాల లెక్క ఉన్నది, మాటనే లేదు, ఎవరి మొఖాలు కనపడని క్లాసుల పెట్టి చూడుండ్రి అని చెప్పిండు. గట్ల మొదలైంది.

ఫోన్ నాది. నా ఫోన్ పోరగాండ్ల చేతుల పెట్టి పొయ్యేదాన్ని కాదు నేను. గందుకే రోజు సాయంత్రం ఆరింటికి, పొద్దుగూకే యాళ్లకు, బియ్యం కొలిచే సోలెకు ఫోన్ ఆనిచ్చి పెట్టి, పిల్ల చాప మీద కూసుంటె నేను పక్కన బియ్యమో పప్పో ఏరుకుంట కూసునేదాన్ని. ఫోనుకే ఎలుగు ఉండంగ మల్ల లైటు ఎందుకని బందు చేసేదాన్ని. కొడుకు, కోడలు ఇద్దరు బజార్ల దుకాణం మూసి ఎనిమిదింటికి గని రారు. ఇంట్ల మేమిద్దరం, చీకటి, ఆ గొంతు.

ఫోన్ల పిల్లల పేర్లు వరుసగ కనపడేటియి. పంతులమ్మ జాగల ఒక గుండ్రటి బిళ్ల, దాంట్ల ఒకటే తెల్లటి అక్షరం. గంతే ఆమె. మొదటి వారం నేను నమ్మలే. మొఖం చూపియ్యని మనిషి పిల్లలకు ఏం నేర్పుతది అని కొడుకుతోని అన్న. వాడు, ఆమె మొఖంతోని నీకేం పని అవ్వా, మన పిల్లకు గావాల్సింది అదే గద అన్నడు.

మొఖం లేకున్నా మనిషి తెలుస్తదని నాకు మెల్లగ ఎరుకైంది. పేజి తిప్పేముందు ఏలు నాలికెకు అద్దుకునేది, తప్పుమని సన్నగ వినపడేది. చాయ సాసర్ల పోసుకొని తాగేది, ఆ జుర్రు నాకు తెలుసు. మీద పంక తిరిగినప్పుడల్ల ఒక్క తాన కిర్రుమనేది. ఇంగ్లీషుల మాట్లాడి మాట్లాడి, మనసుకు పట్టిన కాడ ఉన్నట్టుండి మన మాటలకు దిగేది. పిల్లలు తొందరపడి జవాబు చెప్పబోతె "థాంబ్" అనేది. అది మరాఠి మాట, ఆగుమని. నేను పుట్టింది ఖానాపూర్ దిక్కు, మా అక్కను ఆదిలాబాద్‌ల ఇచ్చిన్రు, మా బావ నోట్లె ఇదే మాట ఉండేది. విన్నప్పుడు నవ్వొచ్చింది. ఆమె ఏడ కూసొని చెప్తున్నదో గప్పుడే తెలిసిపాయె.

ఇంకోటి ఉండె ఆమెకు. 'వెరీ' అనే మాట అసలు పడకపోయేది. ఏ పిల్ల రాసినా కొట్టేయించేది. కడుపు నిండినోనికి ఇంకింత వడ్డించినట్టు ఏందిది, తీసెయ్యి అనేది. నూనె కొలిచి పోసేదాన్ని నేను. ఆ మాట వింటె నాకు సంబురమైంది. సదువుకున్నోళ్లల్ల గూడ పొదుపు తెలిసినోళ్లు ఉంటరు అనుకున్న.

ఒక మాట మాత్రం నాకు నచ్చలే. ఆల్ల పుస్తకంల ఒక కథ ఉండె. రైళ్లు రాని టేషన్ల ఒక ముసలాయన రోజు దీపం పెడతడు. శిరీష దాని గురించి ఏదో రాస్తె, 'ముసలాయన దీపం పెట్టిండు' అని ఉన్నదట. పంతులమ్మ ఒప్పుకోలే. "పెట్టిండు కాదు బిడ్డా, పెడుతుండు అని రాయాలె. కథల మనుషులకు 'ఉండె' అనేది లేదు. నువ్వు ఎప్పుడు తెరిచినా ఆయన ఆడ దీపం పెడుతనే ఉంటడు" అన్నది. పొద్దుగూకే యాళ్ల ఇటువంటి మాటలేంది అని నేను లేసి, తెరిచి ఉన్న పుస్తకం మూసి పెట్టిన. శిరీష నా దిక్కు చూసింది.

మా ఇంట్ల కొన్ని కట్టుబాట్లున్నయ్. మా అత్త నాకు నేర్పింది, నేను శిరీషకు నేర్పిన. పొద్దుగూకినంక ఎవరన్న పేరు పెట్టి పిలిస్తె ఒక్కసారికి పలుకొద్దు, రెండోసారికి పలుకొద్దు, మూడోసారి పిలిస్తెనే పలుకాలె. ఉన్నోళ్లు మూడుసార్లు పిలుస్తరు. పోయినోళ్లు ఒక్కసారో రెండుసార్లో పిలిచి ఊకుంటరు. పలికినమా, ఎంబడి తీస్కపోతరు.

రెండోది, మనిషి ఇంట్ల లేకుంటె 'లేడు' అనొద్దు. 'లేడు' అనేది సచ్చినోళ్లకు అనే మాట. 'బయటికి వోయిండు' అనాలె. ఒకసారి కొడుక్కు ఫోనొస్తె శిరీష ఎత్తి "బాపు లేడు" అన్నది. నేను చెవి మెలివెట్టి, బయటికి వోయిండు అనుమన్న. పిల్ల 'బ' కాడనే పట్టుకున్నది. పెదవులు రెండు అతుకుతున్నయ్, మాట రాదు. అవుతలోడు హలో హలో అని పెట్టేసిండు. 'లేడు' అనేది ఆ పిల్ల నాలికెకు అల్కగ వచ్చే మాట, గందుకే అన్నది. గది నాకు గప్పుడు తోచలే. ఆ దినం కెల్లి పిల్ల ఫోనెత్తుడు గూడ బందు పెట్టింది.

పంతులమ్మ రోజు క్లాసు మొదట్ల ఒక్కొక్క పేరు పిలిచి "ఉన్నరా?" అని అడిగేది. మిగిలిన పిల్లలు వెంటనే పలికేటోళ్లు. మా పిల్ల మొదటిసారికి పలుకకపోయేది, రెండోసారికి పలుకకపోయేది. ఇంకో పంతులమ్మ అయితె పిల్ల రాలేదని రాసుకొని ముంగటికి పోయేది. ఈమె జర ఆగి మూడోసారి పిలిచేది. మేము చెప్పలే, ఎవ్వరు చెప్పలే. మూడోసారికి నేను "ఉన్నది, ఉన్నది, మా పిల్ల ఈడనే ఉన్నది" అని మీదికెల్లి ఒర్రేదాన్ని. "మంచిది అవ్వా" అనేది.

ఇగ ఆ దీపం పాఠం దినం. ముసలాయన గురించి అందరిని అడిగి, ఆఖరుకు శిరీషను పిలిచింది. ఒక్కసారి. రెండుసార్లు. మూడుసార్లు. రైలు రాదని తెలిసి గూడ ఆయన దీపం ఎందుకు పెడుతుండు, నువ్వు చెప్పు బిడ్డా అన్నది. శిరీష నోరు తెరిచింది. పెదవులు కదిలినయ్. మాట రాలే. పంతులమ్మ ఏమనలే. "థాంబ్" అనలే, "ఇంకెవరన్న చెప్పుండ్రి" అనలే. ఊకున్నది. ఎంతసేపని. పంక కిర్రుమన్నది, మల్ల కిర్రుమన్నది. నాకు దగ్గొచ్చింది. "అవ్వా, జర నీళ్లు తాగుండ్రి, తొందరేం లేదు" అన్నది, మల్ల ఊకున్నది. ఎనుక మిల్లు సైరన్ మోగి ఆగిపోయింది. ఫోన్ కట్ అయిందా అని చూసిన. కాలే. అవుతల మనిషి ఉన్నది, ఊపిరి తీసుకుంటున్నది.

ఆఖరుకు ఆమె అన్నది. "విన్న బిడ్డా. మంచిగ చెప్పినవ్."

పిల్ల ఒక్క మాట చెప్పలే. పిల్ల మీద ఎగతాళి చేస్తున్నదేమో అని కోపం, అంతకన్న ఎక్కువ భయం. చెప్పని మాట వినేది ఎసుంటి మనిషి? ఫోన్ అందుకొని, "ఏం విన్నవమ్మా నువ్వు? పిల్ల నోరే తెరువకపాయె" అని గట్టిగనే అన్న. అని ఫోన్ చాప మీద పడేసి పొయ్యి కాడికి వోయిన. ఆమె ఏమో చెప్తుండె. నేను వినలే. కావాల్నని గిన్నెలు చప్పుడు చేసిన.

కాని ఆ తర్వాత రెండు వారాలకు శిరీష క్లాసుల "యెస్ మేడం" అన్నది. నేను పప్పు ఏరుతున్న చెయ్యి ఆపిన. ఇంకొన్ని దినాలకు రెండు మాటలు, మూడు మాటలు. నత్తి పోలే. పట్టుకుంటది, ఆగుతది, మల్ల చెప్తది. ఆమె ఆగేది. ఇంట్ల గూడ పిల్ల కూరల ఉప్పు తక్కువైందని నోటితోని చెప్పింది. మా కోడలు వంటింట్లకు వోయి కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

దసరా సెలవులైనంక క్లాసు మల్ల మొదలైంది. అదే ఆరు గంటలు, అదే గొంతు. కాని ఏదో తేడా. శిరీష మాట సగంల ఉండంగనే "వెరీగుడ్" కాదు గని "మంచిది, మంచిది" అని ముంగటికి పోయేది. మా క్లాసుల లేని పిల్లల పేర్లు పిలిచేది. పిల్ల ఏదన్న అడిగితె ఇంకోదానికి జవాబు చెప్పేది. జలుబు చేసి చెవులు దిబ్బడ పడ్డయేమో అనుకున్న. చెప్పిన పాఠమే మల్ల చెప్తున్నదని గూడ అనిపించింది. రెండు మూడు దినాలు చూసి శిరీష ఇగ ఏమడగకుండ కూసొని రాసుకునేది.

ఒక దినం నేను చింతపండు గింజలు తీస్తున్న. ఫోన్ల ఎవరో దగ్గిన్రు. ఆ దగ్గు నాకు తెలుసు. నాది. నా నోరు మూసే ఉన్నది. తర్వాత ఒక ముసలి గొంతు, "ఉన్నది, ఉన్నది, మా పిల్ల ఈడనే ఉన్నది" అన్నది. గది నా గొంతే. నేను ఏమనలే, నా చేతుల చింతపండు ఉన్నది, నా పెదవులు కదులలే. అర్రల ఇంకో ముసలామె కూసున్నదేమో అని చూసిన. లేసి వంటింట్లకు వోయి చూసిన. పెరట్ల చూసిన. వచ్చేసరికి శిరీష ఫోన్ చప్పుడు తగ్గించి, తల వంచుకొని రాసుకుంటున్నది. నా దిక్కు చూడలే.

తెల్లారి పిల్ల బడికి వోయినంక ఆ క్లాసోళ్ల నంబర్‌కు ఫోన్ చేసిన. ఒక ఆడపిల్ల ఎత్తింది. పాత పాఠాలే మల్ల చెప్తుండ్రు, మా గొంతులు మాకే వినిపిస్తుండ్రు, ఇదేం పద్ధతి, మా పంతులమ్మను పిలువుండ్రి అని అడిగిన.

"ఆ మేడం లేరమ్మా" అన్నది.

నాకు కోపమొచ్చింది. "లేరు అనొద్దు బిడ్డా. గది మంచి మాట కాదు. మీ ఇంట్ల పెద్దోళ్లు నేర్పలేదా? బయటికి వోయిన్రు అనాలె" అన్న.

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "అమ్మా," అన్నది, "నిజంగనే లేరు. దసరా సెలవులల్ల. ఇప్పుడు వచ్చేటియి ఎనుకటి రికార్డింగులు."

ఏమైందని నేను అడుగలే. ఆమె చెప్పలే. ఫోన్ పెట్టేసిన. పిల్ల నోరు మల్ల మూతపడ్తదని మొదటి ఫికర్. అది చిన్న ఫికర్ కాదు. ఆ నోరు తెరిపియ్యనీకి రెండేండ్లు మా ఇల్లంత పరేషాన్ అయింది. గందుకే పిల్లకు చెప్పొద్దనుకున్న.

గని రెండో ఫికర్ ఇంకింత లోపట ఉండె. రికార్డింగు పాఠాలు వరుస తప్పకుండ వస్తున్నయ్. నేను ఏండ్ల సంది పప్పు ఎన్ని దినాలకు అయిపోతదో లెక్క చూసుకునేదాన్ని, పాఠాల లెక్క నాకు కష్టమా? ఇంకో నాలుగు దినాలకు దీపం పాఠం వస్తది. పొద్దుగూకే యాళ్ల పోయిన మనిషి నా మనుమరాలిని పేరు పెట్టి పిలుస్తది. ఒక్కసారి గాదు, రెండుసార్లు గాదు. మూడుసార్లు. మా అత్త చెప్పిన లెక్కల గది ఎక్కడ లేదు. పోయినోళ్లు మూడోసారి పిలుస్తె ఏం చెయ్యాలెనో నాకు ఎవ్వరు నేర్పలే.

నాలుగో దినం పొద్దుగాలనే చార్జరు తీసి బియ్యం డబ్బల పెట్టిన. సాయంత్రం శిరీష చాప ఏసి ఫోన్ అడిగితె, చార్జింగు లేదు, ఇయ్యాల వద్దు అన్న. పిల్ల వంటింట్లకు వోయి, బియ్యం డబ్బల చెయ్యి పెట్టి చార్జరు తీసుకొచ్చింది. నేను ఏ వస్తువు ఏడ దాస్తనో దానికి ఎరుకే. ఫోన్ వైరుకు తలిగిచ్చి సోలెకు ఆనిచ్చింది.

"పలుకకు బిడ్డా" అన్న. "ఇయ్యాల ఎన్నిసార్లు పిలిచినా పలుకకు."

"నాకు ఎరుకే నాయినమ్మా" అన్నది.

"ఏమెరుక నీకు?"

పిల్ల పెదవులు అతుకుతున్నయ్, ఇడుస్తున్నయ్. నేను తొందరపెట్టలే. ఎందుకో పెట్టబుద్ధి కాలే. ఆఖరుకు వచ్చింది.

"మేడం బ... బ... బయటికి వోయిందని."

నేను గోడకు ఆనుకొని కూసున్న. ఎప్పటి సంది ఎరుక అని అడుగుదామనుకున్న. గంతల పాఠం మొదలైంది. పేజి తిప్పింది, తప్పుమన్నది. పంక కిర్రుమన్నది. ముసలాయన దీపం పెడుతుండు. అందరిని అడిగింది. ఇగ మా పిల్లను పిలిచింది. ఒక్కసారి. రెండుసార్లు. నేను పిల్ల చెయ్యి పట్టుకున్న. మూడోసారి గూడ పిలిచింది. రైలు రాదని తెలిసి గూడ ఎందుకు పెడుతుండు, నువ్వు చెప్పు బిడ్డా అన్నది.

ఊకున్నది. అప్పుడు ఎట్ల ఊకున్నదో గట్లనే.

శిరీష ఇంగ్లీషుల చెప్పుడు మొదలుపెట్టింది. నాకు సగమే తెలిసింది, మిగిలింది తర్వాత మన మాటల చెప్పింది. రైలు రాదని ఆయనకు ఎరుకేనట. రైలు కోసం కాదట. చీకట్ల పట్టాల పొంటి నడిచేటోళ్లు ఉంటరట, ఆల్లకు ఈడ ఒక మనిషి ఉన్నడని తెల్వాలెనట. గంతే. గంత చెప్పనీకి పిల్ల ఎన్ని తావుల పట్టుకున్నదో, ఎన్నిసార్లు ఎనుకకు వోయి మల్ల మొదలుపెట్టిందో. నడిమిట్ల నా దగ్గు దగ్గింది, ఫోన్ల. అవ్వా, జర నీళ్లు తాగుండ్రి, తొందరేం లేదు అన్నది ఆమె. పిల్ల ఆగి మల్ల అందుకున్నది. సైరన్ మోగి ఆగింది. ఆఖరి మాట పిల్ల నోట్ల నుంచి ఎల్లింది. ఆ ఊకున్న జాగ దానికి సరిపోయింది. కొంచెం గూడ తక్కువ పడలే.

"విన్న బిడ్డా" అన్నది ఫోన్ల. "మంచిగ చెప్పినవ్."

పిల్ల చెయ్యి నా చేతిల ఉన్నది, ఎచ్చగనే ఉన్నది. గంతల ఫోన్ల ఇంకో గొంతు ఒర్రింది. ఏం విన్నవమ్మా నువ్వు, పిల్ల నోరే తెరువకపాయె. ఎంత కర్కశంగ ఉన్నదో గా గొంతు. ఆమె మొఖం మీద కాదు, పిల్ల నెత్తి మీద ఒర్రినట్టు ఉన్నది. తర్వాత ఫోన్ చాప మీద పడ్డ చప్పుడు. దూరంగ గిన్నెల చప్పుడు.

ఆ గిన్నెల చప్పుట్ల, నేను అప్పుడు వినని మాట, మెల్లగ వచ్చింది.

"ఊపిరి వినపడుతున్నది అవ్వా. చెప్పేటోళ్ల ఊపిరి వేరే ఉంటది. మాట దాని ఎనుకనే వస్తున్నది. మీకు గూడ వినపడ్తది. జర థాంబుండ్రి."

నేను ఈసారి పొయ్యి కాడికి పోలే.